స్టీల్ గిటార్‌కు వా పెడల్: ఎంపిక, అమరిక

స్వరం స్థాయి మారకుండా దాని రంగును మాత్రమే కాలితో మార్చుకునేందుకు గిటార్ వాద్యకారులు వాడే విద్యుత్ పరికరం వా పెడల్. పలకను మడమ వైపు వాలిస్తే ధ్వని మూసుకున్నట్టు, మునివేళ్ల వైపు వాలిస్తే తెరుచుకున్నట్టు వినిపిస్తుంది. పెదవులు ముడిచి 'ఊ' అంటూ మెల్లగా నోరు తెరిచి 'ఆ' అంటే గొంతులో జరిగే మార్పే ఇక్కడ తీగ మీద జరుగుతుంది. నిలబడి మామూలు గిటార్ వాయించేవారి కోసం తయారైన ఈ పరికరం, ఒడిలో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్‌కు వచ్చేసరికి కొన్ని చిక్కులు తెస్తుంది. కాబట్టి బ్రాండు పేరు చూసి కొనేకంటే మూడు సంగతులు చూసుకోవాలి. వాద్యకారుడు ఎలా కూర్చుంటాడు? పెడల్ ఏ పౌనఃపున్యాల మధ్య తిరుగుతుంది? వాడకుండా ఊరికే ఉంచినప్పుడు గిటార్ అసలు ధ్వనిని ఏం చేస్తుంది? వీటిలో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యం. విజయవాడలో, కృష్ణా డెల్టా ఊళ్లలో స్టీల్ గిటార్‌కు రెండు రకాల ఆసనాలున్నాయి. కచేరీ వేదిక మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఒకటి. ఆర్కెస్ట్రాలోనో చర్చి వాద్యబృందంలోనో కుర్చీ మీద కూర్చోవడం రెండోది. ఒకదానికి పనికొచ్చిన పెడల్ రెండోదానికి పనికిరాదు.

వాద్యం, ఇక్కడి నేపథ్యం

ఎడమ చేతి వేళ్లతో తీగను మెట్టు మీద నొక్కకుండా, తీగల మీద నున్నని ఉక్కు కడ్డీని జారుస్తూ వాయించేది స్టీల్ గిటార్. ఈ పద్ధతి హవాయి దీవుల్లో 1880ల చివర రూపు దిద్దుకుంది. దాన్ని కనిపెట్టిన గౌరవం జోసెఫ్ కెకుకుకు దక్కింది. అతనికంటే ముందే భారతదేశం నుంచి అక్కడికి చేరిన గాబ్రియేల్ డేవియన్ అనే యువకుడు గిటార్ తీగల మీద వస్తువును జార్చి వాయించాడన్న కథనం కూడా ప్రచారంలో ఉంది. విద్యుత్ గిటార్ చరిత్ర మొదలైందీ ఈ వాద్యంతోనే. 1931లో జార్జ్ బోషాంప్ నమూనా తయారు చేయగా, రికెన్‌బ్యాకర్ కంపెనీ 1932లో అమ్మకానికి తెచ్చిన 'ఫ్రైయింగ్ పాన్' ఒడిలో పెట్టుకుని వాయించే స్టీల్ గిటారే.

భారతదేశంలో దీన్ని అందరూ హవాయిన్ గిటార్ అంటారు. హవాయి సంగీత బృందమైన టావ్ మో కుటుంబం 1940లలో కలకత్తాలో ఉండి కచేరీలు చేయడంతో అక్కడ ఈ వాద్యానికి గట్టి పునాది పడింది. వాన్ షిప్లే, హజారా సింగ్, కాజీ అనిరుద్ధ, సునీల్ గంగూలీ సినిమా పాటల్ని దీని మీద వాయించి రికార్డులిచ్చారు. శాస్త్రీయ సంగీతంలో బ్రిజ్ భూషణ్ కాబ్రా దీనికి స్థానం సంపాదించారు. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ఆయన చేసిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' 1967లో వచ్చింది. విశ్వమోహన్ భట్ తన 20 తీగల మోహన వీణతో అమెరికన్ గిటారిస్టు రై కూడర్ జతగా చేసిన ఆల్బంకు 1994లో గ్రామీ పురస్కారం దక్కింది.

తెలుగునాట ఈ వాద్యం ఎక్కువమంది చెవిన పడింది రేడియోలోనూ సినిమా పాటల్లోనూ. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కార్యక్రమాల మధ్య మిగిలిన నిమిషాల్లో హవాయిన్ గిటార్ మీద సినిమా పాట వేయడం ఆకాశవాణికి చాలాకాలం అలవాటు. తీగ మీద వస్తువును జార్చి వాయించడం మాత్రం దక్షిణాదికి కొత్త కాదు. గోటువాద్యం, అంటే చిత్రవీణ, మెట్లు లేకుండా కొయ్య ముక్కతోనో మరో నున్నని దిమ్మతోనో జార్చి వాయించే వాద్యమే. కర్ణాటక సంగీతంలో జారు అనే గమకం ఉండనే ఉంది. అందువల్ల మన వాద్యకారుడి చెవి స్టీల్ గిటార్‌లో మొదట వెతికేది గొంతును.

విద్యుత్ తీగ వాద్యం మీద గమకం పలకదన్న సందేహానికి జవాబు ఆంధ్రలోనే దొరికింది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ తొలి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో చేశారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడి వినిపిస్తే శ్రీనివాస్ దాన్ని తీగ మీద పలికించేవారు. తర్వాత ఐదు తీగల విద్యుత్ మాండొలిన్ మీద ఆయన సాధించిన గమకాలకు ఆధారం మీటు తర్వాత కూడా నాదం నిలవడం, ఎడమ చేతి పట్టు. వా పెడల్ కొనే ముందు ఈ ఉదాహరణ గుర్తుంచుకోవడం మంచిది. పెడల్ రంగునిస్తుంది. గమకాన్ని మాత్రం చెయ్యే పలికించాలి.

పెడల్ ఎలా వచ్చింది

వా ధ్వని పెడల్‌తో పుట్టలేదు. స్టీల్ గిటార్ వాళ్లే దాన్ని చేత్తో సాధించారు. ఒడి గిటార్ మీద టోన్ మీట కుడిచేతి చిటికెన వేలికి అందే చోట ఉంటుంది. మీటుతూనే చిటికెన వేలితో ఆ మీట తిప్పితే ధ్వని మూసుకుని తెరుచుకుంటుంది. అమెరికాలో 1940, 50లలో ఈ పద్ధతి బాగా వాడుకలో ఉంది. స్టీల్ గిటార్ వాద్యకారుడు ఆల్వినో రే 1939లో ఇంకో దారి తొక్కాడు. తెర వెనుక భార్య లూయిజ్ కింగ్ గొంతుకు మైకు తగిలించి, ఆమె నోటి కదలికలతో గిటార్ ధ్వనిని మార్చి, గిటార్ మాట్లాడుతున్నట్టు వినిపించాడు. పీట్ డ్రేక్ 1964లో గొట్టం ద్వారా ధ్వనిని నోట్లోకి పంపి, పెడళ్లతో శ్రుతి మార్చే పెడల్ స్టీల్ గిటార్‌ను మాట్లాడించాడు. డీఆర్మండ్, ఫెండర్ కంపెనీలు 1950లలోనే పలకను ఒక దిక్కున కదిపితే వాల్యూమ్, ఇంకో దిక్కున తిప్పితే టోన్ మారే కాలి పెడళ్లు అమ్మాయి.

నేటి వా పెడల్ 1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో పుట్టింది. వాక్స్ ఆంప్లిఫయర్లో మధ్యస్థాయి ధ్వనిని పెంచే ఖరీదైన స్విచ్‌కు బదులు చవకైన పాట్ (తిప్పితే నిరోధం మారే భాగం) పెట్టే పనిలో ఉన్న యువ ఇంజనీరు బ్రాడ్ ప్లంకెట్, ఆ పాట్ తిప్పుతుంటే వచ్చే ధ్వని విని ఆగిపోయాడు. ఆ సర్క్యూట్‌ను ఆర్గన్ వాల్యూమ్ పెడల్ పెట్టెలో బిగించారు. 1967 ఫిబ్రవరిలో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1970 సెప్టెంబరులో మంజూరైంది. మొదట అమ్మకానికి వచ్చిన పెడల్ మీద ట్రంపెట్ విద్వాంసుడు క్లైడ్ మెకాయ్ బొమ్మ వేశారు. ట్రంపెట్ నోటికి మూత అడ్డం పెట్టి తీస్తూ ఆయన చేసే ధ్వనికి ఇది దగ్గరగా ఉందని కంపెనీ ఉద్దేశం. తర్వాత జిమీ హెండ్రిక్స్ దాన్ని రాక్ సంగీతానికి తెచ్చాడు. 'షాఫ్ట్' సినిమా పాటతో 1971లో అది నాట్య సంగీతపు తాళ గిటార్ ధ్వనిగా మారింది. క్రై బేబీ పేరుతో ఇప్పుడు దొరికే పెడళ్లను 1980ల నుంచి డన్‌లప్ కంపెనీ తయారు చేస్తోంది.

లోపల జరిగే పని

మామూలు వా పెడల్ లోపల సుమారు 500 మిల్లీహెన్రీల కాయిల్, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటాయి. ఈ రెండూ కలిస్తే అనునాదం లెక్క ప్రకారం 2,250 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. పలక కింద పళ్ల చక్రంతో తిరిగే 100 కిలో ఓమ్‌ల పాట్, ట్రాన్సిస్టర్ కలిసి ఆ కెపాసిటర్ ఎన్నో రెట్లు పెద్దదైనట్టు ప్రవర్తించేలా చేస్తాయి. దాంతో పలక మడమ వైపు ఉన్నప్పుడు అనునాద శిఖరం 400–450 హెర్ట్జ్‌కు దిగుతుంది, మునివేళ్ల వైపు వాలితే 2,000 దగ్గరికి ఎక్కుతుంది. శిఖరం దగ్గరున్న ధ్వని పెరుగుతుంది. దానికి అటూ ఇటూ ఉన్నది తగ్గుతుంది.

ఈ కొలతలు మామూలు గిటార్‌ను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవి. స్టీల్ గిటార్‌లో ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. సీ6 శ్రుతిలోని ఆరు తీగల ఒడి గిటార్‌లో మంద్ర తీగ సుమారు 131 హెర్ట్జ్, పై తీగ 330 హెర్ట్జ్. కడ్డీని 12వ మెట్టు గుర్తుకు చేరిస్తే పై తీగ 660 అవుతుంది. అక్కడ నిలిచి పలకను మడమ వైపు వాలిస్తే శిఖరం 450 దగ్గర ఉంటుంది. స్వరం అంతకు పైనుంది. పెంచడానికి ఆ చోట ధ్వనే లేదు. స్వరం తెరుచుకోవడానికి బదులు పలచబడి అడుగంటుతుంది. 'మంద్రంలో బాగుంది, తారస్థాయికి వెళ్తే చచ్చిపోతోంది' అని వాద్యకారులు ఫిర్యాదు చేసేది ఇందుకే. దీనికి మందు పెడల్ పరిధిని కాస్త పైకి జరపగలిగే నమూనా ఎంచుకోవడం. చాలామంది స్టీల్ గిటార్ గొంతు గంభీరమని బాస్ గిటార్ వా కొంటారు. దాని పరిధి ఇంకా కింద ఉంటుంది. 8, 10 తీగల వాద్యం మీద మంద్రంలోనే ఎక్కువగా వాయించేవారికి తప్ప అది సరైన ఎంపిక కాదు.

వా పలకాలంటే స్వరంలో అనుస్వరాలు, అంటే హార్మోనిక్స్, దండిగా ఉండాలి. ఫిల్టర్ పని చేసేది వాటి మీదే. ఉక్కు కడ్డీ కింద తీగ నాదం నున్నగా, గుండ్రంగా వస్తుంది. మెడ దగ్గర మీటితే అనుస్వరాలు మరీ తగ్గుతాయి. అప్పుడు పలకను ఎంత ఊపినా పెద్దగా ఏమీ వినిపించదు. కుడిచేతిని బ్రిడ్జి వైపు రెండు అంగుళాలు జరిపి లోహపు వేలితొడుగులతో మీటితే అదే పెడల్ ఒక్కసారిగా నోరు విప్పుతుంది. కొంచెం ఓవర్‌డ్రైవ్ (ధ్వనిని గరుకు చేసే ఎఫెక్ట్) కలిపినా అంతే.

స్టీల్ గిటార్‌కు మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది ఇంకొకటి ఉంది. దీన్ని దుకాణాల్లో ఎవరూ చెప్పరు. మెట్ల గిటార్‌లో స్వరాలు విడివిడిగా వస్తాయి. స్టీల్ గిటార్‌లో స్వరం ఒక చోటి నుంచి ఇంకో చోటికి జారుతూ పోతుంది. పలకను ఒక చోట నిలిపి ఉంచి, శిఖరం సన్నగా, ఎత్తుగా ఉన్న పెడల్ మీద 400 నుంచి 800 హెర్ట్జ్ దాకా ఒక జారు వాయిస్తే, స్వరం శిఖరం కిందుగా వెళ్లే క్షణంలో ఉన్నట్టుండి బిగ్గరగా ఎగిరి మళ్లీ పడిపోతుంది. జారు నడుమ వాద్యకారుడు కోరని ఊనిక పడుతుంది. రాగం వాయించేవారికి ఇది పెద్ద లోపం. ఒక అన్యస్వరాన్ని ఎత్తి చూపించినంత పని చేస్తుంది. అందువల్ల శిఖరం వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉన్న పెడల్, లేదా దాన్ని సవరించుకోవడానికి క్యూ అనే మీట ఉన్న పెడల్ స్టీల్ గిటార్‌కు మేలు. నాట్య సంగీతం వాయించే తాళ గిటార్ వాళ్లు సన్నని శిఖరాన్ని ఇష్టపడతారు. వాళ్ల మెప్పును చూసి స్టీల్ గిటార్‌కు పెడల్ కొనకూడదు.

కూర్చునే తీరు

కుర్చీ మీద కూర్చుని రెండు తొడల మీద గిటార్ పెట్టుకుని వాయించేవారికి రెండు పాదాలూ ఖాళీయే. పైకి చూస్తే పెడల్‌కు ఇంతకన్నా అనువు లేదనిపిస్తుంది. తొక్కడం మొదలుపెట్టాక అసలు సంగతి తెలుస్తుంది. పాదం ముందుభాగం పైకి లేచినప్పుడల్లా మోకాలు కదులుతుంది, మోకాలితో తొడ, తొడతో గిటార్. ఒక పక్క అర అంగుళం లేచినా కడ్డీ తీగల మీద వాలు మారి శ్రుతి తప్పుతుంది. కడ్డీని ఏటవాలుగా పట్టి రెండు తీగలు కలిపి వాయించే చోట ఇది మరీ కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. పరిష్కారం పెడల్‌ను కుర్చీకి దూరంగా జరపడం. మోకాలు కొంచెం చాపి, మడమ పలక మీదే ఆనించి, చీలమండతో మాత్రమే ఊపాలి. అప్పుడు తొడ కదలదు. గిటార్‌ను ఒడిలో కాక కాళ్లున్న స్టాండ్ మీద పెట్టుకుంటే ఈ బెడదే ఉండదు. వా ఎక్కువగా వాడదలిస్తే ముందు స్టాండ్ కొనడం, తర్వాత పెడల్ కొనడం సరైన వరస.

రెండో చిక్కు స్విచ్. క్రై బేబీ, వాక్స్ తరహా పెడళ్లలో ఆన్ ఆఫ్ స్విచ్ పలక ముందు కొస కింద ఉంటుంది. నిలబడ్డవాడు ఒంటి బరువుతో దాన్ని నొక్కుతాడు. కూర్చున్నవాడి పాదానికి ఆ బరువు రాదు. బలంగా నొక్కబోతే గిటార్ కదులుతుంది, లేదా పెడలే నున్నని గచ్చు మీద జారిపోతుంది. మోర్లీ బ్యాడ్ హార్సీ వంటి స్విచ్ లేని పెడళ్లు పాదం పెట్టగానే పని మొదలుపెడతాయి, తీయగానే ఆపేస్తాయి. కూర్చుని వాయించేవారికి ఇది పెద్ద సుఖం. అయితే వీటి పలక స్ప్రింగుతో వెనక్కి లేస్తుంది. పలకను నడుమ ఒకచోట నిలిపి వదిలేసి, ఆ రంగుతోనే పల్లవి అంతా వాయించాలనుకుంటే కుదరదు. ఆ అలవాటున్నవారు స్విచ్ ఉన్న పెడలే తీసుకుని, దాని స్విచ్ కింది రబ్బరు దిమ్మ ఎత్తు, పలక బిగువు తమకు తగ్గట్టు సరిచేయించుకోవాలి.

పెడల్ స్టీల్ వాద్యకారుల స్థితి ఇంకో రకం. వాళ్ల ఎడమ పాదం శ్రుతి మార్చే పెడళ్ల మీద, మోకాళ్లు లీవర్ల మధ్య, కుడి పాదం ఎప్పుడూ వాల్యూమ్ పెడల్ మీద ఉంటాయి. నాదాన్ని నిలబెట్టేది ఆ వాల్యూమ్ పెడలే. దాని మీంచి పాదం తీసి వా మీద పెడితే నాదం నిలవదు. వాల్యూమ్, వా రెండూ ఒకే పెట్టెలో ఉన్న మోర్లీ తరహా పెడల్ వీరికి దగ్గరి దారి. రాబర్ట్ రాండాల్ఫ్ 13 తీగల పెడల్ స్టీల్ మీద వా వాడి పేరు తెచ్చుకున్నాడు. ఆయన వచ్చిన హౌస్ ఆఫ్ గాడ్ చర్చి సంప్రదాయంలో 1930ల చివరి నుంచి స్టీల్ గిటార్ ప్రార్థనలో గాయకుడి గొంతుకు జవాబు చెప్పే వాద్యం. కృష్ణా డెల్టా చర్చిల్లో కీబోర్డు, గిటార్, తబలాలతో సాగే తెలుగు ఆరాధన పాటలకు ఈ పద్ధతి చక్కగా అతుకుతుంది. పాడేవారు ఊపిరి తీసుకునే చోట తీగ మీద అదే మాటను తిరిగి పలికించడం వా వల్ల తేలికవుతుంది.

బాసింపట్టు వేసుకుని కూర్చునేవారికి కాలి పెడల్ అసలు పనికిరాదు. ఒక కాలు చాపి పెడల్ మీద పెట్టడం వేదిక మర్యాదకూ నప్పదు, గిటార్ కుదురుకూ నప్పదు. వీరికి మిగిలేవి రెండు. ఒకటి ఆటో వా. మీటు బలాన్ని బట్టి ఫిల్టర్ దానంతట అదే తెరుచుకునే ఈ పరికరంలో మొదటి పేరున్నది 1972 నాటి మ్యూట్రాన్ త్రీ. దాని రూపకర్త మైక్ బైగెల్ తర్వాత ఎలక్ట్రో హార్మోనిక్స్ కంపెనీకి క్యూట్రాన్ రూపొందించాడు. బాస్ కంపెనీ ఏడబ్ల్యూ త్రీలో అచ్చుల ధ్వనులను పలికించే ఏర్పాటు కూడా ఉంది. మన సంగీతానికి ఆటో వా పెట్టే ఇబ్బంది ఒక్కటే, అయినా అది చిన్నది కాదు. ఒక్క మీటు మీద నాలుగైదు స్వరాలు జార్చి పలికించడం మన పద్ధతి. ఆటో వా మీటినప్పుడు ఒక్కసారే నోరు తెరుస్తుంది. నాదం తగ్గుతున్నకొద్దీ మూసుకుపోతుంది. జారు చివరి స్వరం, తరచుగా రాగానికి ప్రాణమైనది, చీకట్లో పడిపోతుంది. ఫిల్టర్ దిశను తిరగేసే స్విచ్ ఉన్న నమూనాలో, అంటే మీటినప్పుడు మూసుకుని నాదం తగ్గేకొద్దీ తెరుచుకునే అమరికలో, ఈ లోపం చాలావరకు తీరుతుంది. ఆ స్విచ్ లేని ఆటో వాను కచేరీ వాద్యకారుడు కొనకపోవడమే నయం. రెండో దారి పైన చెప్పిన చిటికెన వేలి పద్ధతి. గిటార్ టోన్ మీటను కుడిచేతికి అందే చోటికి మార్పించుకుంటే ఖర్చు తక్కువ, అదుపు ఎక్కువ. మోహన వీణలా సహాయక తీగలున్న వాద్యానికి వా ఏదైనా సరే పొసగదు. ప్రధాన స్వరంతో పాటు ఆ తీగల మోత కూడా ఫిల్టర్‌లో ఊగి అలికినట్టవుతుంది.

దొరికే రకాలు

డన్‌లప్ క్రై బేబీ జీసీబీ 95 అన్నిటికన్నా సామాన్యంగా దొరికేది. సుమారు 25 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పుతో ఒకటిన్నర కిలో దాటిన బరువున్న లోహపు పెట్టె. బరువు ఉండటం కూర్చుని వాయించేవారికి మంచిదే, పెడల్ జారదు. అయితే పరిధి, శిఖరం వెడల్పు మార్చుకునే వీలు పైన ఉండదు. వాక్స్ వీ847 ధ్వని మరికొంత మెత్తన. అదే డన్‌లప్ వారి 535క్యూలో పరిధిని ఆరు చోట్లకు జరపవచ్చు, శిఖరం వెడల్పు మార్చవచ్చు, శబ్దం పెంచుకునే మీట కూడా ఉంది. కుర్చీ మీద వాయించే ఒడి గిటార్ వారికి ఒక్క పెడల్ చెప్పమంటే ఇదే చెప్పాలి. చిన్న పెట్టె రకాలు సంచిలో తేలిగ్గా పడతాయి గానీ పలక ప్రయాణం తక్కువ. స్టీల్ గిటార్‌కు కావలసిన నెమ్మదైన కదలికకు అవి చాలవు.

ఆర్కెస్ట్రా కళాకారులు ఎక్కువగా వాడే మల్టీ ఎఫెక్ట్స్ పెట్టెల్లో, జూమ్ జీ1ఎక్స్ ఫోర్ వంటి వాటిలో, పక్కనే ఒక పలక ఉంటుంది. ఒక పాటకు దాన్ని వాల్యూమ్‌గా, ఇంకో పాటకు వాగా మార్చుకోవచ్చు. ప్లాస్టిక్ పలక తేలిక, ప్రయాణం చిన్నది. అయినా వా కావాలో వద్దో ఇంకా తేలనివారు మొదట దీనితో కొన్నాళ్లు వాయించి చూడటం తెలివైన పని.

తీగల వరస, కరెంటు, సంరక్షణ

గిటార్ నుంచి వచ్చే తీగ మొదట వాకు, తర్వాత ఓవర్‌డ్రైవ్‌కు, ఆ తర్వాత వాల్యూమ్ పెడల్‌కు, చివర డిలే, రివర్బ్‌లకు వెళ్లాలి. ఆటో వా వాల్యూమ్ పెడల్‌కు ముందే ఉండి తీరాలి. తర్వాత ఉంటే వాద్యకారుడు శబ్దం తగ్గించినప్పుడల్లా అది మీటు మెత్తబడిందనుకుని మూసుకుపోతుంది. పాత తరహా పెడళ్లు ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా పికప్ మీద భారం వేసి పై అనుస్వరాలను తినేస్తాయి. స్టీల్ గిటార్ మెరుపంతా ఆ అనుస్వరాల్లోనే ఉంది. కాబట్టి ట్రూ బైపాస్ (ఆఫ్‌లో ధ్వని సర్క్యూట్‌ను తాకకుండా పోయే ఏర్పాటు) ఉన్నదో, ముందుభాగంలో బఫర్ (పికప్ మీద భారం పడకుండా చేసే భాగం) ఉన్నదో చూసుకోవాలి. పరీక్ష తేలిక. పెడల్ ఆఫ్ చేసి ఒక స్వరం వాయించి, తర్వాత పెడల్ తీసేసి గిటార్‌ను నేరుగా ఆంప్‌కు కలిపి అదే స్వరం వాయించాలి. తేడా వినిపిస్తే ఆ పెడల్ వద్దు.

వా పెడళ్లు 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి, చాలా తక్కువ కరెంటు తాగుతాయి. అడాప్టర్ వాడితే మధ్య మొన నెగటివ్ అయిన రకమే వాడాలి. పందిళ్ల వేదికల మీద జనరేటర్ కరెంటుకు ఎర్త్ సరిగా ఉండదు. అక్కడ బ్యాటరీయే శ్రేయస్కరం. లోపలి కాయిల్ చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని పట్టి 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దంగా వినిపిస్తుంది. పెడల్‌ను ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కూ, వరసగా గుచ్చిన అడాప్టర్లకూ ఒక గజం దూరం జరిపితే చాలావరకు తగ్గుతుంది. కొన్నిసార్లు పెడల్‌ను పావు వంతు పక్కకు తిప్పినా తగ్గుతుంది.

బెజవాడ ఎండ, దుమ్ము, మచిలీపట్నం వైపు ఉప్పుగాలి పాట్‌కు శత్రువులు. పలక కదిపినప్పుడల్లా గరగర వినిపించడం మొదలైతే పాట్ లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము పేరుకుందని అర్థం. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ చల్లి, పలకను కొన్నిసార్లు ఆ కొస నుంచి ఈ కొసకు ఊపితే పోతుంది. నూనె పోయకూడదు. నూనెకు దుమ్ము అంటుకుని పట్టీ ఇంకా త్వరగా అరుగుతుంది. మోర్లీ పెడళ్లలో పాట్ బదులు వెలుతురు, దాన్ని పట్టే సెన్సర్ ఉంటాయి. అరిగేది లేదు, గరగరా లేదు. సముద్రతీరపు ఊళ్లలో ఉండేవారు ఈ ఒక్క కారణంతో వాటివైపు మొగ్గినా తప్పులేదు. జాక్ పిన్నులు నెలకోసారి పొడిగుడ్డతో తుడవడం, పెడల్‌ను మూతపడే పెట్టెలో సిలికా జెల్ పొట్లంతో ఉంచడం అన్ని రకాలకూ అవసరమే.

కొనడానికి వెళ్లేటప్పుడు సొంత గిటార్, సొంత కడ్డీ, వేలితొడుగులు తీసుకెళ్లాలి. దుకాణంలోని మామూలు గిటార్ మీద వా ఎంత బాగా పలికినా అది స్టీల్ గిటార్ గురించి ఏమీ చెప్పదు. మీరు రోజూ వాయించే ఎత్తున్న కుర్చీ అడిగి తీసుకుని, దాని మీద కూర్చుని, పై తీగ మీద 12వ మెట్టు దాటి ఒక నెమ్మదైన జారు వాయించండి. ఆ జారు అంతటా శబ్దం సమంగా ఉంటే, మీ తొడ కదలకపోతే, ఆ పెడల్ కొనండి.